ఒక్క పేరు కింద ఎన్ని చేతులు?

పునరావలోకన ప్రదర్శన ఏర్పాటు చేయడం చిత్రకళలో జీవితచరిత్ర రాయడం లాంటిదే. ఒక కళాకారిణి నలభై యాభై ఏళ్లు చేసిన పనిని ఒకచోట చేర్చి, తొలినాటి గీతల నుంచి నిన్నమొన్నటి వీడియోల దాకా వరుసలో పెట్టి, ఇదీ ఆమె నడిచి వచ్చిన దారి అని చూపిస్తారు. జీవితచరిత్రకు ఉండే మంచీ చెడూ రెండూ ఈ ప్రదర్శనకూ ఉంటాయి. చెల్లాచెదురుగా ఉన్న కృషికి ఒక రూపం వస్తుంది. అదే సమయంలో పదిమంది కలిసి నడిచిన దారి ఒక్కరి దారిలా కనిపించడం మొదలవుతుంది. సాహిత్యంలో మనకిది కొత్త కాదు. సమగ్ర సంపుటాల్లో రచయిత పేరు అట్టమీద ఉంటుంది. రాతప్రతులు దాచిన భార్య, సాఫు ప్రతులు రాసిన కూతురు ముందుమాట చివరి పేరాలో ఉంటారు, అదీ సంపాదకుడికి గుర్తుంటే.

ముంబయిలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో 2018 డిసెంబర్ నుంచి 2019 జనవరి దాకా జరిగిన నవజోత్ అల్తాఫ్ పునరావలోకన ప్రదర్శన గురించి రాయాలనుకున్నప్పుడు నన్ను పట్టి ఆపింది ఈ ప్రశ్నే. క్యూరేటర్ నాన్సీ అడజానియా. ఆమె అంతకుముందే, 2016లో, నవజోత్ కళ మీద ‘ది థర్టీన్త్ ప్లేస్’ అనే పుస్తకం రాసింది. ప్రదర్శన పేరు ‘ది ఎర్త్స్ హార్ట్, టార్న్ అవుట్’. భూమి గుండెను పెకలించి తీసేశారని అర్థం. దాని కింద ఉపశీర్షిక: నవజోత్ అల్తాఫ్, ఎ లైఫ్ ఇన్ ఆర్ట్. ఈ రెండు ముక్కల మధ్యనే చిక్కంతా ఉంది. మొదటిది అందరిదీ అయిన భూమి గురించి మాట్లాడుతుంది. రెండోది ఒక్క మనిషి జీవితం గురించి మాట్లాడుతుంది. రెండూ ఒకే గోడ మీద ఎలా పొసుగుతాయి?

ప్రదర్శనలోని వస్తువులన్నిటినీ వరుసగా వర్ణించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ ప్రదర్శన మన కళ్లముందు పెట్టిన కృషిలో ఒక పాయను పట్టుకుని వెళ్లాలని నా ప్రయత్నం. నేను చిత్రకళా విమర్శకురాలిని కాను, సాహిత్య పరిశోధకురాలిని. స్త్రీల జీవిత కథనాలను చదివేటప్పుడు ఎవరు చెప్పారు, ఎవరు రాశారు, ఎవరి పేరు మీద అచ్చయింది అని అడగడం నా వృత్తిలో భాగం. ఆ అలవాటుతోనే ఈ బొమ్మలనూ చూశాను.

నవజోత్ 1949లో మీరట్‌లో పుట్టింది. ముంబయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకుంది. చిత్రకారుడు అల్తాఫ్ మొహమ్మదీ ఆమె జీవిత సహచరుడు, 2005లో మరణించాడు. 1970లలో ఇద్దరూ ప్రోగ్రెసివ్ యూత్ మూవ్‌మెంట్‌లో పనిచేశారు. ‘ప్రోయోమ్’ అని పిలుచుకునే ఆ వామపక్ష యువజన బృందం కోసం పోస్టర్లు వేశారు. గ్యాలరీ తెల్లగోడల కంటే కార్మికుల బస్తీలు ముఖ్యమని నమ్మిన కాలం అది. మన దగ్గర అదే దశాబ్దంలో కవిత్వం గోడల మీదికీ కరపత్రాల్లోకీ వెళ్లిన సంగతి ఈ పాఠకులకు గుర్తు చేయనక్కర్లేదు. ఎమర్జెన్సీ కాలం నాటి ఆమె పనిలో ఆగ్రహం ఉంది, స్పష్టత ఉంది. శత్రువు ఎవరో, మిత్రుడు ఎవరో చూడగానే తెలుస్తుంది.

ఆ స్పష్టతే తర్వాత ఆమెకు ఇబ్బంది అయిందని నాకనిపిస్తుంది. 1980లలో స్త్రీల ఉద్యమం ఆమెను తాకింది. వర్గం అనే ఒక్క కిటికీలోంచి చూస్తే ఇంట్లో జరిగే హింస కనపడదు. ఉద్యమంలోనే ఉన్న మగవాడి పెత్తనం కనపడదు. మన స్త్రీవాదులు వామపక్షంతో చేసిన వాదన ఇదే. 1980ల చివరా 90ల మొదట్లో తెలుగు కవిత్వంలో ‘మేము’ అన్న మాట ఎలా బీటలు వారిందో, ఆ బీటల్లోంచి ఎన్ని కొత్త గొంతులు వచ్చాయో మనం చూశాం. నవజోత్ విషయంలో ఆ మార్పు మాధ్యమం మారడంగా బయటపడింది. కాన్వాసు నుంచి శిల్పానికీ, శిల్పం నుంచి ఇన్‌స్టలేషన్‌కీ, వీడియోకీ వచ్చింది.

1992 డిసెంబర్‌లో బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత 1992-93లో బొంబాయిలో జరిగిన మారణకాండ ఆమె పనిలో ఒక మలుపు. 1994లో చేసిన ‘లింక్స్ డిస్ట్రాయ్డ్ అండ్ రీడిస్కవర్డ్’ ఆ అనుభవంలోంచి వచ్చింది. తెగిన బంధాలు, మళ్లీ వెతుక్కున్న బంధాలు అని పేరులోనే ఉంది. ఈ పనిని ఆమె ఒంటరిగా చేయలేదు. ఇతర కళారంగాల వాళ్లను కలుపుకుంది. మత హింస గురించి ఒక్క చిత్రకారిణి ఒక్క దృశ్యంలో చెప్పగలదన్న నమ్మకం పోయిందనడానికి ఇదొక గుర్తు. కళాకారిణి ఒంటి చేతి సంతకం సడలడం ఇక్కడినుంచే మొదలయిందని చెప్పొచ్చు.

2002 గుజరాత్ తర్వాత వచ్చిన ‘లాక్యునా ఇన్ టెస్టిమనీ’ (2003) ఇంకో అడుగు. మూడు తెరల వీడియో, నేలమీద అద్దాలు. తెరలమీద సముద్రం. సాక్ష్యంలో ఖాళీ అని పేరుకు అర్థం. నాజీ మృత్యుశిబిరాల గురించి రాస్తూ తత్వవేత్త ఆగాంబెన్ చేసిన చర్చను ఇది గుర్తుకు తెస్తుంది. పూర్తిగా అనుభవించినవాళ్లు చెప్పడానికి మిగలరు, మిగిలినవాళ్లు చెప్పేదాంట్లో ఆ ఖాళీ ఎప్పుడూ ఉంటుంది. దంగల మీద మన భాషలో వచ్చిన కథలు చాలావరకు ఆ ఖాళీని కన్నీళ్లతో నింపేయడానికి ప్రయత్నిస్తాయి. నవజోత్ దాన్ని నింపదు. చూసేవాళ్లు కిందికి చూస్తే అద్దం ముక్కల్లో తెరా తామూ కలిసి తునకలుగా కనిపిస్తారు. బాధితురాలి ముఖం కోసం వెతికే మన కంటికి మన ముఖమే ఎదురవుతుంది.

సాక్ష్యం చెప్పే మనిషిని ఎలా చూపాలన్న ప్రశ్న ‘టచ్’ పరంపరలో వేరే రూపం తీసుకుంది. సాంగ్లిలో ‘వేశ్యా అన్యాయ్ ముక్తి పరిషత్’గా సంఘటితమైన సెక్స్‌వర్కర్లతో మాట్లాడి చేసిన పని అది. 2010 నాటి ‘టచ్-4’లో ఇరవై రెండు మానిటర్లు ఉంటాయి. ఒక పెద్ద తెరమీద ఒక ప్రతినిధి వచ్చి అందరి తరఫునా మాట్లాడితే మనం జాలిపడి బయటికి రావడం తేలిక. ఇన్ని చిన్న తెరలు పక్కపక్కనే ఉన్నప్పుడు ఏ ఒక్కరి మాటనూ మొత్తం కథగా తీసుకోలేం. ఒకరి దగ్గర ఆగితే ఇంకొకరి మాట తప్పిపోతుంది. ‘సెక్స్‌వర్కర్ సమస్య’ అనే ఏకవచనం అక్కడ నిలవదు.

కానీ నా దృష్టిలో నవజోత్ కృషికి గుండెకాయ ముంబయిలో లేదు, బస్తర్‌లో ఉంది. 1997లో ఆమె ఛత్తీస్‌గఢ్‌లోని కొండగావ్‌కు వెళ్లింది. అప్పటికింకా అది మధ్యప్రదేశే. కొండగావ్ అంటే ఇత్తడి పోత బొమ్మలకూ, చెక్క శిల్పాలకూ, ఇనుప పనికీ పేరుపడ్డ ఊరు. మనవాళ్లు ఎగ్జిబిషన్లలో బేరమాడి కొనుక్కునే ఆ సన్నటి ఇత్తడి బొమ్మలు, ఇనప దీపాలు చాలావరకు ఆ ప్రాంతానివే. ఎంపోరియం అల్మరాలో ఆ బొమ్మ కింద రాష్ట్రం పేరు ఉంటుంది, తెగ పేరు ఉంటుంది, ధర ఉంటుంది. చేసినవాళ్ల పేరు ఉండదు. చేసినవాళ్లను ‘చేతివృత్తుల వాళ్లు’ అంటాం. నగరంలో చేస్తే ‘కళాకారులు’ అంటాం. ఈ రెండు మాటల మధ్య దూరం కులానికీ వర్గానికీ సంబంధించినది. అందులో నైపుణ్యం ప్రశ్న ఏమీ లేదు.

నవజోత్ అక్కడ రాజ్‌కుమార్ కోర్రం, శాంతిబాయి, గేసురాం విశ్వకర్మ వంటి శిల్పులతో కలిసి పనిచేయడం మొదలుపెట్టింది. వాళ్లచేత తన డిజైన్లు చేయించుకోలేదు. ఎవరి శిల్పం వాళ్లది. ఒకే చోట, ఒకరి పని ఒకరు చూస్తూ, వాదించుకుంటూ చేశారు. ‘మోడ్స్ ఆఫ్ ప్యారలల్ ప్రాక్టీస్’ అని దానికి పెట్టిన పేరు సరిగ్గా సరిపోతుంది. సమాంతరంగా సాగే పనులు అవి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినవి కావు. తర్వాత వీళ్లందరూ ‘డైలాగ్ ఇంటరాక్టివ్ ఆర్టిస్ట్స్ అసోసియేషన్’ అనే సంస్థగా ఏర్పడ్డారు. చెక్కశిల్పం ప్రధానంగా మగవాళ్ల చేతిపనిగా చలామణి అవుతున్న చోట శాంతిబాయి తన పేరుతో, తన శిల్పాలతో నిలబడింది. స్త్రీవాద విమర్శ ముందుగా గమనించాల్సింది ఇదని నేననుకుంటాను.

ఇక్కడ నల్‌పార్‌ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నల్‌పార్ అంటే బోరింగు చుట్టూ ఉండే జాగా. బోరింగు దగ్గర ఏముంటుందో మన పల్లెటూళ్లలో తెలియని ఆడమనిషి లేదు. ఒలికిన నీళ్లు నిలిచి బురద. ఆ బురదలో పశువుల డెక్కల గుంతలు. పగిలిపోయిన చప్టా. నిండిన బిందెను నేలమీంచి ఒక్క ఊపున నడుం దాకా, అక్కణ్ణించి తలమీది చుట్టకుదురు దాకా ఎత్తుకోవాలి. చెయ్యందించే తోడు లేకపోతే ఆ ఊపుకి నడుము పట్టేస్తుంది. పదేళ్ల పిల్ల దగ్గర్నుంచి నెలలు నిండిన గర్భిణి దాకా రోజుకి ఎన్నోసార్లు చేసే పని ఇది. బోరింగు వేయించిన ఇంజనీరు లెక్కలో నీటి లోతు ఉంటుంది, పైపు వ్యాసం ఉంటుంది. బిందె ఎత్తే ఆడమనిషి నడుము ఆ లెక్కలో ఉండదు.

నవజోత్, కొండగావ్ శిల్పులు, ఊరివాళ్లు కలిసి కూర్చుని ఆ జాగాలను తిరిగి రూపొందించారు. స్థానిక యంత్రాంగంతో మాట్లాడి ఒప్పించుకున్నారు. నిండిన బిందెను మధ్యలో ఒకసారి దించి పెట్టుకోవడానికి ఎత్తుగా అరుగుల్లాంటి గట్లు కట్టారు. అక్కణ్ణించి తలకెత్తుకుంటే భారం సగం తగ్గుతుంది. వృథా నీరు నిలవకుండా పోయే దారి చేశారు. చుట్టూ కట్టిన గోడలమీద ఆ ప్రాంతపు ఆకృతులు, గుర్తులు. చూడ్డానికి అది శిల్పం, వాడుకోవడానికి బోరింగు. నీళ్లకోసం వచ్చిన స్త్రీలు రెండు నిమిషాలు నిలబడి మాట్లాడుకోవడానికి అదొక చోటు కూడా. కళావిమర్శకుడు గ్రాంట్ కెస్టర్ 2011లో వచ్చిన ‘ది వన్ అండ్ ది మెనీ’లో ఈ నల్‌పార్‌లను చర్చించాక ప్రపంచంలో చాలామందికి వీటి గురించి తెలిసింది.

దీన్ని అభివృద్ధి పని అని తీసిపారేసే విమర్శకులున్నారు. అలాంటి పని స్వచ్ఛంద సంస్థలు చేయవా, ఇందులో కళ ఏముంది అని వాళ్ల ప్రశ్న. సాహిత్యంలో ఇదే ప్రశ్నను మనల్ని చాలా కాలంగా అడుగుతున్నారు. ప్రసూతి మీద కవిత్వమేమిటి, వంటింటి మీద కవిత్వమేమిటి అన్నారు. అందులో కళ ఏముంది అన్నారు. ఆ ప్రశ్న వెనకాల ఒక ఊహ ఉంది. నిత్యమూ చేసే పని, ముఖ్యంగా ఆడవాళ్లు చేసే పని, రూపం గురించి ఆలోచించదగ్గది కాదని. నల్‌పార్ ఆ ఊహను తిప్పికొడుతుంది. శిల్పి పరిమాణం గురించీ, ఎత్తు గురించీ, బరువు ఎక్కడ ఆనాలన్నదాని గురించీ ఆలోచిస్తారు. ఇక్కడ ఆ ఎత్తును నిర్ణయించింది ఒక స్త్రీ నడుము. అంతకంటే కచ్చితమైన శిల్ప సూత్రం నాకు తెలియదు.

పిల్లలు, యువకులు కూడి గడపడానికి కట్టిన చోట్లకు ‘పిల్ల గుడి’ అని పేరు పెట్టారు. తెలుగువాళ్లకు అనువాదం అక్కర్లేని పేరు. మురియా యువతీయువకుల ‘ఘోటుల్’ గురించి బయటివాళ్లు రాసినదంతా ఒక ఎత్తయితే, 1947లో వెరియర్ ఎల్విన్ రాసిన పెద్ద గ్రంథం తర్వాత దాన్ని ఒక లైంగిక వింతగా చూడ్డానికి ఎగబడిన చూపులు ఇంకో ఎత్తు. పిల్ల గుడి బయటివాళ్లు చూసిపోవడానికి కట్టింది కాదు. పిల్లలు లోపల కూర్చుని బొమ్మలు వేసుకోవడానికీ, మాట్లాడుకోవడానికీ కట్టింది. చూపు దిశ మారింది.

అయితే ఒక అభ్యంతరాన్ని ఎదుర్కోకుండా ముందుకు పోలేం. ముంబయి నుంచి వెళ్లిన, ఇంగ్లీషు వచ్చిన, నిధులు తేగలిగిన కళాకారిణికీ, కొండగావ్ శిల్పులకూ మధ్య ‘సంభాషణ’ ఎంత సమానమైనది? విదేశీ విమర్శకులు ఎవరి పేరు రాస్తారు? పునరావలోకనం ఎవరి పేరు మీద జరుగుతుంది? అది నవజోత్ అల్తాఫ్ జీవితం. శాంతిబాయి జీవితం ఆ జీవితంలో ఒక అధ్యాయం. శాంతిబాయి జీవితంలో నవజోత్ ఒక అధ్యాయంగా ఉండే ప్రదర్శన ఒక జాతీయ గ్యాలరీలో ఎప్పుడు జరుగుతుంది? మంచితనంతో, ఆత్మీయతతో ఈ ప్రశ్న తీరదు. స్నేహం ఎంత నిజమైనదైనా గ్యాలరీ అనే వ్యవస్థకు తనదైన వ్యాకరణం ఉంది. దానికి కర్త ఒక్కరే కావాలి, మిగిలినవాళ్లు సహాయకారకాలు.

మనకు ఇది ఎక్కడో ముంబయి సమస్య కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ ప్రచురించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ మాటల్లో తమ జీవితాలు చెప్పిన పుస్తకం. సేకరించినవాళ్లు నగరంలో చదువుకున్న స్త్రీలు. చెప్పినవాళ్లలో అక్షరం రాని స్త్రీలూ ఉన్నారు. ఆ పుస్తకం ఒక వ్యక్తి పేరుతో కాక ఒక సంఘటన పేరుతో రావడం యాదృచ్ఛికం కాదు. చెప్పిన ప్రతి స్త్రీ పేరూ ఆమె కథనానికి శీర్షికగా నిలిచింది. పేర్లను ఎలా పంచుకోవాలన్నది అప్పుడే వాళ్లు ఆలోచించారు. అయినా ఆ తర్వాత గోగు శ్యామల సంకలనం చేసిన ‘నల్లపొద్దు’ రావాల్సి వచ్చింది. దళిత స్త్రీల గురించి ఇతరులు ఎంత సానుభూతితో రాసినా, దళిత స్త్రీలు తామే రాసిన, తామే ఎంచిన పుస్తకం స్థానాన్ని అది తీసుకోలేదు. మొదటి పుస్తకం విలువ తక్కువని కాదు. మొదటిది తెరిచిన తలుపు సరిపోలేదని.

నవజోత్ పనిని ఈ రెండు పుస్తకాల మధ్య పెట్టి చూడాలనిపిస్తుంది. ఆమె మొదటి పుస్తకం తరహా పని చేసింది. అందులో చేయగలిగినంత బాగా చేసింది. ‘అట్టడుగు మనిషి మాట్లాడగలదా’ అని 1988లో స్పివాక్ వేసిన ప్రశ్న ఇప్పటికి మన విశ్వవిద్యాలయాల్లో ఒక అరిగిపోయిన ఉటంకింపు అయింది. సెమినార్ పత్రాల్లో దాన్ని రాసి, ఇక మాట్లాడలేదు కనక మనం ఏమీ చేయనక్కర్లేదని ఊరుకునేవాళ్లను చూశాను. బస్తర్‌లో రెండు దశాబ్దాలకు పైగా పనిచేసిన స్త్రీ ఆ సౌకర్యం తీసుకోలేదు. మాట్లాడటం కుదరని చోట కలిసి అరుగు కట్టింది. ఆ అరుగు మీద ఎవరి సంతకమూ అక్కర్లేదు. అది పని చేస్తోందా లేదా అన్నది బిందె పెట్టే స్త్రీ చెబుతుంది.

గ్యాలరీ పరిమితి కూడా ఇక్కడే తెలుస్తుంది. నల్‌పార్‌ను హాల్లోకి తేలేరు. ఫొటో తేవచ్చు, నమూనా తేవచ్చు, వీడియో తేవచ్చు. నీళ్లు రావు. ఆమె చేసినవాటిలో అత్యుత్తమమైనది ఆమె జీవితకాల ప్రదర్శనలో లేనిదే. దీన్ని ప్రదర్శన లోపంగా నేను చెప్పడం లేదు. ప్రదర్శన నిజాయితీ అంతా ఆ లేమిని దాచకుండా ఉండటంలోనే ఉంటుంది. నాకున్న ఫిర్యాదు వేరే. ఈ తరహా కళ చుట్టూ పేరుకున్న సైద్ధాంతిక భాష చాలా బరువైనది, పైగా పూర్తిగా ఇంగ్లీషుది. సహకారం గురించిన ఆ మాటలను సహకరించినవాళ్లు చదవలేరు. కొండగావ్‌లో హల్బీలో, హిందీలో జరిగిన సంభాషణ ముంబయికి వచ్చేసరికి ఇంగ్లీషు వ్యాసమైపోతుంది. మన పరిశోధన గ్రంథాలదీ ఇదే కథ. కోయ స్త్రీ పాట తెలుగులోకి, తెలుగులోంచి ఇంగ్లీషులోకి వెళ్లి, ఆఖరికి పాడిన మనిషికి తప్ప అందరికీ అందుబాటులో ఉంటుంది.

‘సోల్ బ్రెత్ విండ్’ అన్న వీడియో ఇన్‌స్టలేషన్ దగ్గర ప్రదర్శన శీర్షిక అర్థమవుతుంది. 2014 నుంచి 2018 దాకా చేసిన పని. ఛత్తీస్‌గఢ్‌లో గనులకోసం భూములు పోగొట్టుకున్నవాళ్ల మాటలు, తవ్విపోసిన నేల. అదే దశాబ్దంలో ఆమె న్యూయార్క్ ఆకాశహర్మ్యాల నీటిరంగు చిత్రాలమీద పర్యావరణానికి సంబంధించిన గ్రాఫులు పరిచింది. ఆ బొమ్మల్లో తెలివి ఉంది గానీ నన్నవి పెద్దగా కదిలించలేదు. ‘సోల్ బ్రెత్ విండ్’లో మాట్లాడేవాళ్లు భూమి గురించి ఆస్తిలా మాట్లాడరు. మాట్లాడేది తమ పొలం గురించి, అడవి గురించి, దేవతల గురించి. ఆ మూడిటినీ నష్టపరిహారం పట్టికలో వేరువేరు గడుల్లో రాయలేరు.

ఆ భూమికీ మనకూ సంబంధం లేదనుకోవడానికి వీల్లేదు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం మన విశాఖపట్నం రేవుకు చేరడానికే 1960లలో కొత్తవలస-కిరండోల్ రైలుమార్గం వేశారు. మనం అరకు అందాలు చూడటానికి ఎక్కే రైలు నడిచేది ఆ పట్టాలమీదే. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు తగలబడి బస్తర్ నుంచి పారిపోయి వచ్చిన ఆదివాసులు ఆనాటి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. 2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుం చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. వచ్చినవాళ్లు మాత్రం ‘గొత్తికోయలు’ అన్న పేరుతో, పోడు భూమికి హక్కు లేక, అటవీ శాఖ గుడిసెలు పీకేస్తే మళ్లీ వేసుకుంటూ బతికారు. వాళ్ల స్త్రీలు తాగునీటికి వాగు చెలమల మీద ఆధారపడ్డారు. నవజోత్ బోరింగు చుట్టూ కట్టిన అరుగు ఎందుకంత ముఖ్యమో తెలుసుకోవడానికి మనం కొండగావ్ దాకా పోనక్కర్లేదు.

చివరగా ఆ గ్యాలరీ గురించి. సర్ కవాస్‌జీ జహంగీర్ పబ్లిక్ హాల్‌గా 1911లో కట్టిన భవనం అది. ఒకప్పుడు బహిరంగ సభలకూ, సంగీత కచేరీలకూ వేదిక. 1996లో జాతీయ గ్యాలరీగా తెరుచుకుంది. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ కింద నడుస్తుంది. అంటే మన పన్నులతో. నవజోత్ ప్రదర్శన ముగిసిన కొద్ది రోజులకే, 2019 ఫిబ్రవరిలో, అదే హాల్లో చిత్రకారుడు ప్రభాకర్ బర్వే ప్రదర్శన ప్రారంభసభలో నటుడు అమోల్ పాలేకర్ మాట్లాడారు. స్థానిక కళాకారులతో ఏర్పడిన సలహా సంఘాలను రద్దు చేశారని, ఇకమీద ఏ ప్రదర్శన జరగాలో ఢిల్లీలో నిర్ణయిస్తారని ఆయన ఆందోళన చెందారు. ఆ మాటలు పూర్తిగా చెప్పనివ్వకుండా వేదిక మీదే అడ్డుతగిలారు. బర్వే అప్పటికి చాలా ఏళ్ల క్రితమే మరణించిన చిత్రకారుడు. జవాబు చెప్పే అవకాశం లేని కళాకారుడి సభలో కూడా ఒక ప్రశ్న ఇబ్బంది పెట్టింది.

ఆ సంఘటన వెలుగులో చూస్తే నవజోత్ ప్రదర్శన జరగడమే చిన్న విషయం కాదు. బతికి ఉన్న స్త్రీ, ఎమర్జెన్సీ నుంచి గుజరాత్ దాకా, గుజరాత్ నుంచి గనుల దాకా రాజ్యాన్ని ప్రశ్నించిన స్త్రీ. ఆమె మొత్తం కృషిని ప్రభుత్వ గోడలమీద పెట్టడానికి స్థానిక కళాకారులు కూర్చుని నిర్ణయించే ఒక వ్యవస్థ అవసరం. కర్త ఒక్కరే కావాలన్న గ్యాలరీ వ్యాకరణాన్ని ఇంతసేపూ విమర్శించాను. కానీ గ్యాలరీయే పూర్తిగా చేజారితే ఆ విమర్శ చేయడానికి కూడా చోటుండదు. శాంతిబాయి పునరావలోకనం అడగాలంటే ముందు అడగడానికి ఒక పబ్లిక్ హాలు ఉండాలి.

స్త్రీవాద విమర్శ ఇలాంటి ప్రదర్శనను ‘స్త్రీ కళాకారిణి విజయం’ అని పొగిడి వదిలేయడం తేలిక. నేను రెండు కొలతలు ప్రతిపాదిస్తాను. ఒకటి, ఈ పని ఎవరి గురించి చేశారో వాళ్లు దాన్ని వాడుకోగలరా? నల్‌పార్ ఈ కొలతకు నిలుస్తుంది. ‘టచ్’ కొంతవరకు నిలుస్తుంది. గ్యాలరీ కోసం చేసిన చాలా పనులు నిలవవు. రెండు, పేర్లను ఎలా పంచుకున్నారు? ఈ కొలతకు నవజోత్ తన తరంలో చాలామంది కంటే దగ్గరగా వచ్చింది, గ్యాలరీ ఆమె వచ్చినంత దూరం రాలేదు. ఈ రెండు కొలతలూ మన రచనలకూ వర్తిస్తాయి. ఆదివాసీ, దళిత, ముస్లిం స్త్రీల కథనాలమీద మనం సంపాదించుకున్న డాక్టరేట్లకూ, పుస్తకాలకూ, అవార్డులకూ వర్తిస్తాయి. కథనం చెప్పిన స్త్రీకి పుస్తకం ప్రతి అందిందా, ఆమె భాషలో అందిందా, అట్టమీద ఆమె పేరు ఏ సైజు అక్షరాల్లో ఉంది? ఇవి చిన్న ప్రశ్నల్లాగే ఉంటాయి. అరుగు ఎంత ఎత్తుండాలన్నది కూడా చిన్న ప్రశ్నే.